‘పుట్ అప్ విత్’ అంటే భరించడమా, ఫైలు పెట్టడమా?

1 · కొత్త గుమస్తా (గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి ఇది నాలుగో నెల. ఆఫీసు ఏదని అడక్కండి, పర్లాకిమిడి నుంచి బస్సులో గంటన్నర అనుకోండి చాలు. చిన్నప్పుడు తెలుగు మీడియం. తర్వాత ఒడియా, ఇంగ్లీషు కలగాపులగం.

మొన్న ఒక చెరువు గట్టు మరమ్మతు ఫైలు మా సారుకి పంపాను. ఒడియాలో నోటు రాసి, రెండుసార్లు సరిచూసుకుని, సంతకం పెట్టి మరీ పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చేసింది. మార్జిన్లో ఆకుపచ్చ సిరాతో ఒకటే ముక్క: ‘పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్’.

ఇంటర్లో బట్టీ పట్టిన పట్టిక గుర్తొచ్చింది. పుట్ అప్ విత్ – భరించు, సహించు, ఓర్చుకొను. అంటే పాత కాగితాలను భరించమంటున్నారా? మా రికార్డు గది చూసినవాళ్లెవరైనా ఆ మాట న్యాయమే అంటారు. చెదలు, ఎలుకలు, వానొస్తే కారే చూరు. సారుకి నా మీద ఏదో కోపం ఉంది, వెటకారంగా రాశారు అనుకుని రెండు రోజులు ఆ ఫైలు జోలికి పోలేదు.

మూడో రోజు ప్యూన్ వచ్చి, “ఏటి బాబూ, ఆ గట్టు ఫైలు పుటప్ అయిపోనాదా?” అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, పుటప్ వచ్చు. నాకు ఇంగ్లీషు వచ్చు, పుటప్ రాదు!

ఇంతకీ ఈ ‘పుట్ అప్’కి అర్థాలెన్ని? ఏది ఎక్కడ వాడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

2 · బల్లార్షా బొగ్గు (బల్లార్‌పూర్)

అర్థం కాలేదని రెండు రోజులు ఫైలు ముట్టుకోలేదా? అన్నా, నాలుగు నెలలకే సీనియర్ గుమస్తావి అయిపోయినవ్. నీకిక పాఠాలెందుకు.

3 · రిటైర్డు మాస్టారు (పర్లాకిమిడి)

నాయనా గుమస్తా, ముందు నీ ఫైలు సంగతి చూద్దాం. పట్టిక తర్వాత.

సారు రాసిన వాక్యంలో ముక్కలు రెండు. ‘పుట్ అప్’ ఒకటి, ‘విత్ ప్రీవియస్ పేపర్స్’ ఇంకొకటి. ఆఫీసు ఇంగ్లీషులో పుట్ అప్ అంటే పై అధికారి ముందు పెట్టడం. ఎలా పెట్టాలి? ఇదే పని మీద ఇంతకుముందు నడిచిన కాగితాలు జతచేసి పెట్టాలి. అంతే. ఆ చెరువుకి పోయినసారి ఎంత ఖర్చయింది, ఎవరు మంజూరు చేశారు అన్నది చూడకుండా కొత్త నోటు మీద సంతకం ఎవరు పెడతారు? కోపమూ లేదు, వెటకారమూ లేదు.

నువ్వు బట్టీ పట్టినది వేరే క్రియ. అందులో మూడు మాటలూ అతుక్కుపోయి ఒకటే మాట అయిపోతాయి. నోటితో అని చూడు. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్’. అప్ మీద ఒత్తు పడి, విత్ దాన్ని ఆనుకుని జారిపోతుంది. సారు వాక్యం పైకి చదువు. అప్ దగ్గర చిన్న ఆగు వస్తుంది. ఆ ఆగు చెవికి తెలుస్తుంది, కాగితం మీద కనపడదు. నీ తప్పేం లేదు. తప్పంతా చెవికి వినిపించకుండా కంటికి మాత్రమే చూపించిన ఆ పట్టికది.

4 · పట్టుచీర (బరంపురం)

మాస్టారూ, మన తెలుగులోనూ ఇదే తమాషా ఉంది కదండీ. “ఈ చీర ఆ చీరలతో పెట్టు” అని మా కొట్టు కుర్రాడికి రోజుకి పదిసార్లు చెప్తాను. అదే కుర్రాడికి మా ఆయన చెప్పే మాట, “మీ అక్కతో పెట్టుకోకు”. రెండింటిలోనూ ‘తో’ ఉంది, రెండింటిలోనూ ‘పెట్టు’ ఉంది. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడెవడైనా నన్ను తీసుకెళ్లి చీరల బీరువాలో పెట్టకూడదని అర్థం చేసుకుంటాడు.

5 · ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)

అందరికీ దండాలు. గోదారి అవతల కాళేశ్వరం, ఇవతల మా సిరోంచ. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అడివి దిక్కు పోతే గోండి. ఇంగ్లీషు మాకు నాలుగో అంతస్తు.

భరించు, సహించు అని పుస్తకంల రాస్తరు గని పుట్ అప్ విత్‌కు అసలు మాట మా ఇంట్లనే ఉంది. ఏగుడు. మా మేనత్త వచ్చినప్పుడల్లా మా అమ్మను అడుగుతది, “ఈ ముసలోనితోని ఎట్ల ఏగుతున్నవే వదినా” అని. ముసలోడంటే మా తాత, ఆమెకు కన్నతండ్రే! గా మాటను ఇంగ్లీషుల పెట్టుండ్రి: హౌ డు యూ పుట్ అప్ విత్ హిమ్. అచ్చు సరిపోతది. ఇంగ్లీషుల ‘విత్’, మన దగ్గర ‘తోని’. సహించుడుకు ‘తోని’ రాదు. తాతను సహిస్తం, తాతతోని ఏగుతం.

ఏగుడంటే పెనం మీద ఉల్లిగడ్డ ఏగినట్టు. ఒక్కసారి కాలి అయిపోయేది కాదు. సన్నసెగ, రోజూ.

మరాఠీల ‘ఖపవూన్ ఘేణే’ అంటరు. “మీ హే ఖపవూన్ ఘేణార్ నాహీ” అని మా హెడ్మాస్టర్ వారానికొక్కసారన్న అంటడు. పుట్ అప్ విత్‌కు అదీ మంచి జోడే. ఎక్కువ ‘కాదు’తోనే వినిపిస్తది. ఇంగ్లీషుల గూడ అంతే, ‘వోంట్ పుట్ అప్ విత్’, ‘కాంట్ పుట్ అప్ విత్’.

6 · కొత్త గుమస్తా

ఏగుడు! మా అమ్మ కూడా “నీతో వేగలేకపోతన్నానురా” అంటుంది. ఇన్నాళ్లూ పుట్ అప్ విత్ మా వంటింట్లోనే ఉందన్నమాట.

ఒక సందేహం. వేగడం మనుషులతోనేనా? “ఈ ఎండలతో వేగలేం” అని కూడా అంటాం కదా.

7 · రిటైర్డు మాస్టారు

అంటాం. ఇంగ్లీషువాడూ ఎండని, చప్పుడుని, పక్కింటి కుక్కని, ఆలస్యంగా వచ్చే బస్సుని పుట్ అప్ విత్ చేస్తాడు. సిరోంచ తమ్ముడు సన్నసెగ అన్నాడే, అక్కడే ఉంది కీలకం. విసుగు పుట్టించేవాటికే ఈ మాట. పెద్ద దుఃఖానికి పనికిరాదు. ఇంట్లో మనిషి పోతే ఆ బాధని ‘పుట్ అప్ విత్’ అనరు, ‘బేర్’ అంటారు, ‘ఎండ్యూర్’ అంటారు. చావింటికి వెళ్లి “ఎలా వేగుతున్నారండీ” అని మనం అడుగుతామా? అక్కడ “ఎలా తట్టుకుంటున్నారో” అంటాం. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను గానీ నాకు ఈ ‘వేగు’ తట్టలేదు. బోర్డు మీద ‘టాలరేట్’ అని రాసి ముందుకెళ్లిపోయేవాణ్ణి. ఒక ఇంగ్లీషు మాటకి ఇంకో ఇంగ్లీషు మాట.

8 · రాయగడ రైలు (రాయగడ)

నా కథ వినండి. మా పెద్దాడు చదువుకోడానికి ఇంగ్లండు వెళ్లాడు. మొదటి వారంలో క్లాసులో పరిచయమైన కుర్రాణ్ణి మర్యాదగా పలకరించాడు, “వేర్ ఆర్ యూ పుటింగ్ అప్?” అని. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, “పుటింగ్ అప్ వాట్?” అన్నాడట. ఏం పెడుతున్నానని, ఎక్కడ పెడుతున్నానని! వీడు “యువర్ హౌస్” అన్నాడు. ఆ అబ్బాయి, నేను ఇల్లు కట్టడం లేదే అన్నాడు.

మరి మా రాయగడ ప్లాట్‌ఫారం మీద ఈ ప్రశ్న వినపడని రోజు లేదు. రైల్లో పక్క సీటు ఆయన మొదట పేరు, తర్వాత ‘వేర్ ఆర్ యూ పుటింగ్ అప్’, ఆ తర్వాత జీతం. వరస మారదు. ఇది తప్పు ఇంగ్లీషా?

9 · బల్లార్షా బొగ్గు

జీతం అడగడం తప్పు. మిగతాది సరే.

10 · రిటైర్డు మాస్టారు

తప్పు అనను. పాతబడ్డ ఇంగ్లీషు. ఒకప్పుడు ఇంగ్లండులో ప్రయాణికుడు రాత్రికి సత్రంలో ఆగితే ‘హి పుట్ అప్ ఎట్ ది ఇన్’ అనేవారు. తోడు వచ్చిన గుర్రాన్ని లాయంలో కట్టడాన్నీ పుట్ అప్ అనే అనేవారు. ఆ మాట దొరలతో ఇక్కడికొచ్చింది. వాళ్ల దగ్గర మూలపడింది, మన దగ్గర నిలిచిపోయింది. పైగా మనం దాన్ని కొంచెం సాగదీశాం. వాళ్లకి అది రెండు మూడు రాత్రుల బస. మనవాళ్లు ఇరవై ఏళ్లుగా సొంతింట్లో కాపురమున్నవాణ్ణి కూడా ‘వేర్ ఆర్ యూ పుటింగ్ అప్’ అంటారు. ఒడియాలో “కేఉంఠి రహుఛంతి” అన్నా, మరాఠీలో “కుఠే రాహతా” అన్నా, మనం “ఎక్కడుంటున్నారు” అన్నా బసకీ కాపురానికీ ఒకటే ప్రశ్న సరిపోతుంది. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వెళ్లింది.

మీ అబ్బాయికి చెప్పండి, అక్కడ ‘వేర్ డు యూ లివ్’ అనో ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్’ అనో అడగమని. ఇక్కడ రైల్లో అయితే పుటింగ్ అప్ అనే అడగొచ్చు, ఎవరూ ఇల్లు కట్టుకుంటున్నామనుకోరు.

11 · పట్టుచీర

అప్ అంటే పైకి కదా. మరి మనం లాడ్జిలో ‘దిగుతాం’. “ఎక్కడ దిగారు?” అంటాం. వాళ్లు పైకెళ్తే మనం కిందికొస్తున్నాం. వాళ్లు గుర్రాన్ని లాయంలోకి ఎక్కించారు, మనం బండి దిగాం అని నా సొంత పరిశోధన. డాక్టరేట్ ఇవ్వక్కర్లేదు.

ఇంకో వాడకం ఉందండోయ్. ఎవరినైనా మన ఇంట్లో ఉంచుకోవడం. పెళ్లివారికి విడిది ఇచ్చామంటే ‘వి పుట్ దెమ్ అప్’. మా బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధికి వచ్చి, అక్కడ వేసిన తాత్కాలిక మందిరంలో ఉంటుంది. ఆ వీధి అమ్మవారికి పుట్టిల్లు. తెలుగు మాట్లాడే దేరా నేతగాళ్లది ఆ పుట్టింటి హక్కు. యాత్ర రోజుల్లో మా ఇంట్లో నిలబడ్డానికి చోటుండదు. ఇచ్ఛాపురం నుంచి, సోంపేట నుంచి, పలాస నుంచి చుట్టాలు. పోయినసారి మా చిన్నాడు ఫోన్లో స్నేహితుడితో, ‘వి ఆర్ పుటింగ్ అప్ ఎయిటీన్ పీపుల్’ అన్నాడు. నేను వెనకనుంచి, ‘అండ్ పుటింగ్ అప్ విత్ దెమ్’ అన్నాను. ఇద్దరం కరెక్టే!

12 · రిటైర్డు మాస్టారు

పట్టుచీరమ్మా, నీ రెండు వాక్యాలూ బోర్డు మీద రాయదగ్గవి. గుమస్తా, ఇక్కడ ఒక్క వ్యాకరణం ముక్క చూసుకో. చుట్టాల్ని ఉంచుకున్నప్పుడు పేరు మధ్యలోనూ రావచ్చు, చివరా రావచ్చు. ‘పుట్ ది గెస్ట్స్ అప్’, ‘పుట్ అప్ ది గెస్ట్స్’. కానీ పేరుకి బదులు హిమ్, దెమ్, ఇట్ లాంటి చిన్న మాట వస్తే దాని చోటు మధ్యలోనే. ‘పుట్ దెమ్ అప్’. ‘పుట్ అప్ దెమ్’ అంటే చెవికి రాయి తగిలినట్టుంటుంది. భరించడంలో ఈ వెసులుబాటు లేదు, మూడు మాటలూ చేతులు పట్టుకునే నడవాలి. ‘పుట్ అప్ విత్ దెమ్’. భూతకాలానికి పుట్ పుట్‌గానే ఉంటుంది. ‘పుటెడ్’ అని రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లలు నాకు ఏడాదికి పదిమందైనా తగిలేవారు.

13 · జయపురం అత్తగారు (ప్రస్తుతం అమెరికాలో)

మాది కొరాపుట్ జిల్లా జయపురం. అమ్మాయి పురుడుకని ఇక్కడికొచ్చి ఆరు నెలలైంది. మీ చర్చ రాత్రంతా చదివాను, ఇక్కడ పగలేలెండి.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంది. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మొన్న కంచె దగ్గర నిలబడి, ‘వి పుట్ అప్ ఫార్టీ జార్స్ ఆఫ్ పీచెస్’ అంది. నలభై జాడీలు ఎక్కడ పైకెత్తారో నాకు అర్థం కాలేదు. అటకెక్కించారేమో అనుకున్నాను. అమ్మాయి నవ్వి చెప్పింది, పళ్లు, కూరగాయలు కాపులో దొరికినప్పుడు ఉడికించి సీసాల్లో గాలి చొరకుండా బిగించి ఏడాదికి దాచుకోవడాన్ని ఇక్కడ పాతకాలంవాళ్లు పుట్ అప్ అంటారట. పచ్చళ్లకీ ఇదే మాట.

అంటే ఏంటి? ఆవకాయ పెట్టడం! ఊరగాయ ‘పెట్టాం’ అంటాం గానీ చేశాం అంటామా? ఆవిడకి నా ఇంగ్లీషులో చెప్పాను, మేమూ పుట్ అప్ చేస్తాం, మామిడికాయ, ఆవపిండి, ఎండుకారం అని. ఇప్పుడావిడ రోజూ వచ్చి రుచి అడుగుతోంది. వచ్చే వేసవికి నన్ను ఇక్కడే పుట్ అప్ చేసేలా ఉన్నారు.

14 · ప్రాణహిత ఒడ్డు

అత్తమ్మా, నువ్వు గెలిచినవ్. చర్చ బంద్ చేయుండ్రి.

15 · రిటైర్డు మాస్టారు

బంద్ చెయ్యకండి. ఆవిడ చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. పుట్ అప్‌లో పైకెత్తడం ఒకటే లేదు, దేన్నైనా దాని చోట్లో భద్రంగా పెట్టడం కూడా ఉంది. జాడీలో పచ్చడి, లాయంలో గుర్రం. కత్తిని ఒరలో పెట్టడాన్ని కూడా ఒకప్పుడు పుట్ అప్ అనేవారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు యోహాను సువార్తలో, యేసు పేతురుతో నీ కత్తి ఒరలో పెట్టు అనేచోట ఉన్నది ఈ క్రియే. విడిదిలో చుట్టాలు కూడా ఆ వరసలోకే వస్తారనుకుంటాను. పట్టుచీరమ్మ పరిశోధనకి డాక్టరేట్ ఇవ్వకపోయినా నా ఓటు ఉంది.

ఫైలు మాత్రం ఈ వరసలోది కాదు. అది నిజంగానే పైకి వెళ్తుంది, గుమస్తా బల్ల నుంచి అధికారి బల్లకి. భద్రంగా దాచెయ్యమని కాదు, కొందరు గుమస్తాలు అలా అర్థం చేసుకుంటారు.

16 · మిరపఘాటు (ధర్మాబాద్)

వ్యాపారం మాటలు ఎవ్వరూ చెప్పరేంది? మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. సరిహద్దు దాటితే బాసర. మిర్చి బజారు ఊరు మాది, అడ్తి దుకాణంల పుట్టిపెరిగిన.

సరుకు వేలానికి పెడితే ‘పుట్ అప్ ఫర్ ఆక్షన్’. పొలం అమ్మకానికి పెడితే ‘పుట్ అప్ ఫర్ సేల్’. దుకాణానికి పెట్టుబడి ఎవడు పెట్టిండు? ‘హూ పుట్ అప్ ది మనీ?’ జూడుండ్రి, మూడింట్ల గూడ మన దగ్గర ‘పెట్టు’నే ఉంది. రేటు పెంచుడును గూడ తెల్లోళ్లు ‘పుట్ అప్ ది ప్రైస్’ అంటరు. మన పేపర్లల్ల ‘హైక్’ అని రాస్తరు, అందుకే మనకు తెల్వదు.

ఇంకొకటి. అడ్డగీత పెట్టి ‘పుట్-అప్ జాబ్’ అంటే ఉద్యోగం కాదు. ముందే కూడబలుక్కొని ఆడే నాటకం. నలుగురు మనుషులు వేలంల నిలబడి పోటీ పడ్డట్టు నటిస్తరనుకో, రేటు రాత్రే ఖరారైంది. గది పుట్-అప్ జాబ్. నేను చిన్నగున్నప్పుడు ఒక ఊర్ల పాత మోటరు ఇట్లనే మా బాపు కొన్నడు. ఊరి పేరు చెప్ప. మోటరు ఇప్పటికీ తిరగదు.

17 · అచ్చతెనుగు (ఊరు రాయలేదు)

ఇంత చదివాక నాకు బాధే మిగిలింది. “ఫైలు పుటప్ చెయ్యి” అన్నది ఏ భాష? ‘సమర్పించు’, ‘నివేదించు’ లేవా? సరిహద్దు జిల్లాల్లో ఉన్నవారే తెలుగును ఇలా పాడు చేసుకుంటే ఎవరు కాపాడతారు?

18 · రిటైర్డు మాస్టారు

అయ్యా, సమర్పించు మంచి మాట. వాడండి. కానీ గుడిలో దేవుడికి సమర్పిస్తాం, సభలో పెద్దలకి నివేదిస్తాం. చెరువు గట్టు ఫైలుకి అంత పట్టువస్త్రం అక్కర్లేదు. నిజానికి “ఫైలు పెట్టు” అంటే చాలు. “సారుకి ఫైలు పెట్టావా?” అని మన ఆఫీసుల్లో అనేవాళ్లూ ఉన్నారు. ప్యూన్ ‘పుటప్’ అన్నాడంటే ఆ మాట ఆయన నోట్లో అరిగి తెలుగు మాటై పోయింది. ‘అయిపోనాదా’ అని దానికి మన క్రియ తగిలించాడు కూడా.

ఇంకో సంగతి. ఈ ఒడియా ఊళ్లో కూర్చున్న నాకు తెలుగు గురించి పాఠం చెప్పాలంటే కొంచెం ధైర్యం కావాలి. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, పుస్తకంలో తెలుగు ఒకటి జనం నోట తెలుగు ఇంకొకటి ఎందుకుందని అడిగితే, ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవాళ్లలో ఈయన ఒకరు. ఇక్కడి కొండల్లో సవరల మధ్య తిరిగి వాళ్ల మాట నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోతే, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ప్యూన్ నోట విన్న మాటకి ఆయన చెవి మూసుకునేవారు కాదు.

19 · అచ్చతెనుగు

ఆయన వాడుక తెలుగు కోసం పోరాడారు, వాడుక ఇంగ్లీషు కోసం కాదు కదండీ.

20 · పట్టుచీర

ఈ దెబ్బ మాత్రం బాగా పడింది మాస్టారూ. ఒప్పేసుకోండి.

21 · రిటైర్డు మాస్టారు

సగం ఒప్పుకుంటాను. కానీ అయ్యగారూ, ‘గుమస్తా’ ఏ భాష? ‘ఖరారు’? ‘జవాబు’? ‘మకాం’? వాటినెవరూ వెళ్లమనడం లేదే. పుటప్ చిన్నది కాబట్టి అందరూ దాన్నే మొట్టుతున్నారు.

22 · బల్లార్షా బొగ్గు

పుట్ అప్ విత్ మీద చర్చిల్ జోక్ ఎవరూ చెప్పరా? వాక్యం చివర విత్ రాకూడదని ఎవడో గుమస్తా దిద్దితే, ఆయన ఒళ్లు మండి, ‘అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ అని రాశాడట. గుమస్తాల జాతకమే అంత.

23 · రిటైర్డు మాస్టారు

చర్చిల్ పేరు తర్వాత తగిలించారు, ఆయన రాశాడనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. జోక్ మాత్రం గట్టిది. మూడు మాటల్నీ విడదీస్తే వాక్యం ఎలా కాళ్లు విరిగి పడుతుందో అంతకంటే బాగా చూపించలేం.

24 · ప్రాణహిత ఒడ్డు

ఒకటి మిగిలింది. ‘పుట్ అప్’ ఎనక ‘టు’ వస్తే కథ వేరే. ‘హూ పుట్ యూ అప్ టు దిస్?’ నిన్నెవడు ఎగదోసిండు ఈ పనికి? మా బడిల పోరలు చీపురు దాచిపెట్టి దొరికిపోతే ఇదే ప్రశ్న. మరాఠీ సార్ “కుణీ ఫూస్ లావలీ?” అంటడు, నేను “ఎవడ్రా ఎగదోసింది” అంట.

గా ‘ఎగ’ను జూడుండ్రి. ఎగదోసుడు, ఎగబడుడు, ఎగబాకుడు. ఎగువ అంటే పైకే కదా. తోసుడుకు ముంగట ‘ఎగ’ తగిలిస్తే పైకి తోసుడు కాదు, రెచ్చగొట్టుడైతది. అప్పు ఎగేసుడు అంటే పైకి ఏసుడు కాదు, కట్టకుండ పోవుడు. ఇంగ్లీషోడు అప్‌ను ఎనక పెట్టిండు, మనం ముంగట పెట్టినం. క్రియకు చిన్న మాట తగిలిస్తే అర్థం మారే ఈ ఫ్రేజల్ వెర్బు తెల్లోనికే ఉందని ఇన్నాళ్లు భయపడ్డం.

25 · రాయగడ రైలు

తమ్ముడూ, నీకు దండం. ఈ ముక్క మా మనవరాలికి చదివి వినిపించాను. అది పుస్తకం తీసి ‘పుట్ అప్ ఎ ఫైట్’, ‘పుట్ అప్ ఎ టెంట్’, ‘పుట్ అప్ ఎ క్యాండిడేట్’ అని మూడు చూపించింది. తాతయ్యా ఇవి కూడా చెప్పమంది. టెంటు వేస్తాం, అభ్యర్థిని నిలబెడతాం. ఫైటు?

26 · పట్టుచీర

ఓడినా సరే గట్టిగా నిలబడ్డాడు అంటాం చూడండి, అది. ఎన్నికల్లో నిలబెట్టినవాడు ఓడిపోయాక పార్టీవాళ్లు చెప్పే మాట.

27 · మిరపఘాటు

చెయ్యెత్తుడు, గొడుగు ఇప్పుడు, కొప్పు పెట్టుడు గూడ పుట్ అప్పే. వాట్సాప్ల స్టేటస్ పెట్టుడు గూడ. ఇగ చాలు, రాత్రి పదకొండైంది, పొద్దుగాల బజారుంది.

28 · కొత్త గుమస్తా

అందరికీ పేరుపేరునా దండాలు. మాస్టారూ, మీ మాట విని నిన్న రికార్డు గదిలోకి దిగాను. అవును, దిగాను. మూడు గంటలు. చెదలు తిన్న కట్టల మధ్య ఆ చెరువు పాత ఫైలు దొరికింది, పోయిన మరమ్మతు లెక్కలతో సహా. దుమ్ముకి తుమ్మలేక చచ్చాను, అంటే పాత కాగితాలతో వేగాను కూడా. తర్వాత వాటిని కొత్త నోటుకి జతచేసి, జెండా చీటీలు పెట్టి, పుటప్ చేశాను. ఒకే వాక్యానికి రెండర్థాలూ చేసేశాను.

ఇవాళ మధ్యాహ్నం ఫైలు మళ్లీ తిరిగొచ్చింది. మార్జిన్లో ఆకుపచ్చ సిరా. ఈసారి రెండే మాటలు: ‘ప్లీజ్ స్పీక్’.

ఇది కూడా ఫ్రేజల్ వెర్బా?

29 · రిటైర్డు మాస్టారు

కాదు నాయనా. లేచి వెళ్లి మాట్లాడు.

30 · బల్లార్షా బొగ్గు

రెండు రోజులు ఆగి వెళ్లు అన్నా. తొందరేముంది.